ముసాయిదా దశలో చెప్పిన మాటకే విలువ: మున్సిపల్ ఎన్నికలు, బడ్జెట్, ఒక కాలనీ సంఘం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు చెబుతాను. తెలంగాణలోని ఒక మోస్తరు మున్సిపాలిటీలో, పదేళ్ల కిందట పొలాల మధ్య వెలసిన కాలనీకి మీరు సంక్షేమ సంఘం కార్యదర్శి. గత మున్సిపల్ ఎన్నికల్లో మీ వీధిలో ఒక వరుస ఇళ్లవారి ఓట్లు పక్క వార్డులో తేలాయి. మురుగు కాలువ కోసం నాలుగేళ్లుగా వినతిపత్రాలు ఇస్తుంటే 'నిధులు లేవు' అన్న ఒక్క మాటే జవాబుగా వస్తోంది. పట్టణ పెద్దను ప్రజలే నేరుగా ఎన్నుకోవడం, పనిచేయని సభ్యుణ్ని వెనక్కి పిలవడం వంటి సంస్కరణలు వస్తే తప్ప ఏమీ మారదని సంఘంలో కొందరు, మనలోనే ఒకరం నిలబడదామని మరికొందరు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలన్నది మీ ప్రశ్న.

నేను మున్సిపాలిటీల లెక్కల విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. బడ్జెట్ అంచనాలు రాసే బల్ల దగ్గరే ఎక్కువ కాలం గడిచింది, ఎన్నికలొచ్చినప్పుడు మిగతా సిబ్బందితో పాటు ఓటరు జాబితాల పనికీ వెళ్లాను. ఆ అనుభవంతో చెప్పగలిగింది ఒకటి ఉంది. ఎన్నికల్లోనైనా బడ్జెట్‌లోనైనా పౌరుడి మాట చెల్లేది ముసాయిదా దశలో. మనవాళ్లు మాత్రం దాదాపు ఎప్పుడూ తుది ప్రకటన వెలువడిన మర్నాడు కార్యాలయానికి వస్తారు. ఆ రోజు కమిషనరు మంచివాడైనా చేయగలిగింది చాలా తక్కువ.

ముందుగా మీ వీధిలోని ఆ వరుస ఇళ్ల సంగతి చూద్దాం. మున్సిపల్ ఎన్నికలను నిర్వహించేది కేంద్ర ఎన్నికల సంఘం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఆ బాధ్యతను దానికి అప్పగించింది. అయితే మన దగ్గర రాష్ట్ర సంఘం ఇల్లిల్లూ తిరిగి కొత్తగా ఓటరు జాబితా తయారుచేయదు. అసెంబ్లీ నియోజకవర్గపు జాబితానే తీసుకుని, అందులోని పేర్లను వార్డుల వారీగా విడగొట్టిస్తుంది. ఆ విడగొట్టే పని చేసేది మున్సిపల్ సిబ్బంది. అది ఎలా జరుగుతుందో తెలిస్తే మీ ఓట్లు ఎందుకు తప్పిపోయాయో మీకే బోధపడుతుంది.

రాత్రి తొమ్మిది దాటాక కార్యాలయం హాల్లో నాలుగు బల్లలు కలిపి వేస్తారు. ఒక పక్క అసెంబ్లీ జాబితా ముద్రిత ప్రతులు, మరో పక్క వార్డు సరిహద్దుల వివరణ ఉంటాయి. పన్ను వసూలు చేసే బిల్ కలెక్టర్లు ఎర్ర పెన్సిలు పట్టుకుని ఒక్కో పేరు పక్కన వార్డు సంఖ్య రాసుకుంటూ పోతారు. పాత బస్తీలో ఇబ్బంది ఉండదు, డోర్ నంబరు చూడగానే ఇల్లు ఎక్కడుందో వాళ్లకు కంఠతా వచ్చు. కొత్త కాలనీల దగ్గర పెన్సిలు ఆగిపోతుంది. ఎందుకంటే ఇల్లు కట్టుకున్న కొత్తలో ఓటు నమోదు చేసుకున్నవారు చిరునామాలో 'ప్లాట్ నంబరు 47' అనో, ఒట్టి సర్వే నంబరో రాసి ఉంటారు. ఆస్తి పన్ను రికార్డులో అదే ఇంటికి బై నంబర్లతో కూడిన డోర్ నంబరు ఉంటుంది. రెండూ ఒకటేనని చెప్పే కాగితం ఆ బల్ల మీద ఉండదు. అర్ధరాత్రి దాటాక ఎవరో ఒకరు 'ఇది ఇటువైపే ఉంటుందిలే' అని ఒక అంకె వేస్తారు. ఆ అంకెతో ఒక కుటుంబం ఐదేళ్లపాటు తాను నివసించని వార్డుకు ఓటరైపోతుంది. నేనూ అలాంటి అంకెలు వేసినవాణ్నే కాబట్టి ఈ మాట కాస్త సిగ్గుతోనే రాస్తున్నాను.

దీనికి విరుగుడు మీ సంఘం చేతిలోనే ఉంది. ఇప్పుడే, ఎన్నికల ఊసు లేని రోజుల్లోనే, కాలనీలోని ప్రతి ఇంటికీ ఒక వరుస చొప్పున పట్టిక తయారుచేయండి. అందులో అసెంబ్లీ జాబితాలోని భాగం సంఖ్య, క్రమ సంఖ్య, ప్లాట్ నంబరు, పన్ను రశీదులోని డోర్ నంబరు, ఇల్లు నిజంగా ఏ వార్డులో ఉందో ఆ సంఖ్య ఉండాలి. చిరునామా సరిచేయించుకోవలసినవారు, ఇల్లు మారినవారు ఫారం 8 ఇవ్వాలి. అసలు పేరే లేనివారు ఫారం 6 ఇవ్వాలి. చనిపోయినవారి పేర్లు, ఊరు వదిలిపోయినవారి పేర్లు తీసివేయించడానికి ఫారం 7 ఉంది. 2022 నుంచి ఏడాదికి నాలుగు అర్హతా తేదీలు ఉన్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. కాబట్టి పద్దెనిమిది నిండిన పిల్లలు మరుసటి జనవరి దాకా ఆగనక్కరలేదు. మున్సిపల్ ఎన్నికల ప్రకటన వచ్చాక పరుగెత్తేవారికి తెలియని సంగతి ఏమిటంటే, అసెంబ్లీ జాబితాలో లేని పేరును మున్సిపల్ జాబితాలోకి నేరుగా చేర్చే దారి లేదు.

వార్డుల వారీ ముసాయిదా జాబితాను నోటీసు బోర్డు మీద పెట్టిన రోజున ఈ పట్టికను జతచేసి లిఖితపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, నకలు మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. నోటి మాటగా చెప్పిన అభ్యంతరాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. వార్డుల పునర్విభజన జరిగినప్పుడూ ఇదే పద్ధతి. ముసాయిదా సరిహద్దుల మీద అభ్యంతరాలకు ఇచ్చే గడువు తరచూ ఒక వారానికి మించదు. ఆ వారం దాటిపోతే రాజ్యాంగంలోని 243జడ్‌జీ అధికరణం అడ్డం వస్తుంది. వార్డుల విభజన, సీట్ల కేటాయింపుకు సంబంధించిన చట్టాల చెల్లుబాటును కోర్టులో ప్రశ్నించరాదని, ఎన్నికను ఎన్నికల పిటిషను ద్వారా తప్ప మరో విధంగా సవాలు చేయరాదని అది చెబుతుంది. అంతా అయ్యాక హైకోర్టుకు వెళ్లి ఖర్చుతో తిరిగొచ్చిన సంఘాలను చూశాను. వారి వాదన తప్పు కాదు, వేళ తప్పింది.

ఒక వరుస ఇళ్లే కదా, అరవై ఓట్లతో ఏమవుతుంది అని మీ సంఘంలో ఎవరైనా అంటే 2020 డిసెంబరు 1న జరిగిన జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఎన్నికలను గుర్తు చేయండి.  నేరేడ్‌మెట్ డివిజనులో స్వస్తిక్ ముద్రకు బదులు వేరే ముద్ర పడిన ఓట్ల సంఖ్య ఆధిక్యాన్ని మించిపోవడంతో, హైకోర్టు చెప్పేదాకా ఫలితం ఆగింది. హైదరాబాదు డివిజన్లతో పోలిస్తే మీ మున్సిపాలిటీ వార్డు చిన్నది, ఓటర్లు రెండు వేలకు అటూ ఇటూగా ఉంటారేమో. నలుగురైదుగురు పోటీపడితే అక్కడ అరవై ఓట్లు గెలుపోటములను నిర్ణయించగలవు. ఆ జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో పోలింగు 46 శాతం పైచిలుకు మాత్రమేనని కూడా చెప్పండి. ఓటు వేయనివారు సగానికి మించిన చోట, జాబితా సరిచూసుకుని పోలింగు కేంద్రానికి వచ్చే కాలనీ బరువు దాని జనాభాకు మించి ఉంటుంది. విదేశాల్లో ఉన్న మీ కాలనీ పిల్లలు వాట్సాప్ గ్రూపులో ఎంత ఉత్సాహం చూపినా, నమోదు చేసుకున్న ప్రవాస ఓటరు సైతం స్వయంగా వచ్చే ఓటు వేయాలి కాబట్టి వారిని లెక్కలో వేసుకోకండి.

ఇక పోటీ సంగతి. ఇరవై ఒక్క ఏళ్లు నిండి, ఆ మున్సిపాలిటీ ఓటరు జాబితాలో పేరున్నవారు నిలబడవచ్చు. ధరావతు, ఖర్చుల పరిమితిని ప్రతిసారీ ప్రకటన చూసి నిర్ధారించుకోవాలి. అంచనా కోసం చెబితే, 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ధరావతు 5,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు 2,500, ఖర్చు పరిమితి 5 లక్షలు. అదే ఏడాది జనవరిలో జరిగిన మున్సిపల్ ఎన్నికల్లో ఆ పరిమితి మున్సిపాలిటీ వార్డుకు లక్ష, కార్పొరేషన్ డివిజనుకు లక్షన్నర. గెలిచినా ఓడినా గడువులోగా ఖర్చుల లెక్క ఇవ్వాలి, ఇవ్వనివారు అనర్హత వేటుకు గురవుతారు. ఓడినవాళ్లు ఈ సంగతి మరచిపోయి, మరుసటి ఎన్నికల నామినేషన్ రోజున తెల్లమొహం వేయడం నేను చూశాను. అన్నిటికంటే ముఖ్యం, మీ వార్డు ఏ వర్గానికి రిజర్వు అవుతుందో ఎన్నికల ముంగిట గానీ తేలదు. సగం స్థానాలు మహిళలవే. అందువల్ల ఒక మనిషిని ముందే ఖాయం చేసుకుని అతని చుట్టూ సంఘాన్ని నడపడం తెలివైన పని కాదు. నా అభిప్రాయం అడిగితే, సంఘం పేరుతో అభ్యర్థిని నిలబెట్టవద్దు. నిలబడాలనుకున్నవారు సంఘం పదవికి రాజీనామా చేసి నిలబడాలి. ఓడిపోతే మరుసటి ఐదేళ్లు గెలిచినవారు సంఘాన్ని ప్రత్యర్థిగానే చూస్తారు, ఆ నష్టం కాలువకు తగులుతుంది. సంఘం చేయవలసింది వేరే ఉంది. అభ్యర్థులు నామినేషనుతో ఇచ్చే ప్రమాణపత్రాల్లో కేసులు, ఆస్తులు, చదువు వివరాలు ఉంటాయి. 2002, 2003 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల పుణ్యమా అని ఇలాంటి వివరాలు ఓటరుకు అందుతున్నాయి. వాటి నకళ్లు తెచ్చి అపార్టుమెంటు గేటు దగ్గర, కిరాణా కొట్టు దగ్గర అంటించండి, ఎవరి గురించీ ఒక్క వ్యాఖ్య కూడా రాయకండి.

సంస్కరణల గురించి సంఘంలో జరుగుతున్న చర్చకు వద్దాం. స్థానిక పాలన రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోని అంశం. అంటే మీవాళ్లు కోరుతున్న చాలా మార్పులకు పార్లమెంటు అక్కరలేదు, శాసనసభ చాలు. హైదరాబాదులో 2002లో మేయరును ప్రజలు నేరుగానే ఎన్నుకున్నారు, తరువాత ఆ పద్ధతి పోయి సభ్యుల ద్వారా ఎన్నిక వచ్చింది. ఇప్పుడు ఆ ఎన్నికలో ఎక్స్ అఫీషియో హోదాతో, అంటే తమ పదవి రీత్యా, ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా ఓటు వేస్తారు కాబట్టి, వార్డుల్లో ఓటరు ఇచ్చిన తీర్పు పీఠం దగ్గరికి వచ్చేసరికి మారిపోయే అవకాశం ఉంది. వెనక్కి పిలిచే హక్కు మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల్లో మున్సిపల్ అధ్యక్షుల విషయంలో ఉంది, కొన్నిచోట్ల ప్రయోగించారు కూడా. నోటా విషయంలో 2018లో మహారాష్ట్ర, హరియాణా రాష్ట్రాల ఎన్నికల సంఘాలు ఒక అడుగు ముందుకు వేసి, స్థానిక ఎన్నికల్లో అందరికంటే నోటాకే ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ ఎన్నిక జరపాలని ఆదేశించాయి. అందుకు చట్టసవరణ జరగలేదు, ఎన్నికల సంఘం ఉత్తర్వు సరిపోయింది. రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఉన్న ఈ వెసులుబాటును మనవాళ్లు తక్కువగా వాడుకుంటున్నారు. తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం 2020లో కొంపల్లిలోని కొన్ని పోలింగు కేంద్రాల్లో ముఖం గుర్తించే సాంకేతికతను ప్రయోగించింది, 2021 అక్టోబరులో ఖమ్మంలో ఫోను ద్వారా ఓటు వేసే పద్ధతికి నమూనా పరీక్ష జరిపింది. కొత్తదాన్ని ప్రయత్నించడానికి వెనుకాడని సంస్థ అది. అలాంటప్పుడు వార్డుల వారీ ముసాయిదా జాబితా మీద అభ్యంతరాల గడువును పెంచమని, ప్రతి కాలనీ సంఘానికీ ముందస్తు నోటీసు ఇమ్మని అడగడం గొంతెమ్మ కోరిక ఏమీ కాదు.

నేరుగా ఎన్నికైన అధ్యక్షుడు వస్తే అన్నీ చక్కబడతాయన్న నమ్మకం మాత్రం నాకు లేదు. పాలకవర్గంలో ఆధిక్యం లేని అధ్యక్షుడు, సంతకం అధికారం చేతిలో ఉన్న కమిషనరు, రెండిటికీ పైన జిల్లా యంత్రాంగం ఉన్నంతకాలం ఎన్నిక పద్ధతి మార్చినందువల్ల కాలువ రాదు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు కోరవలసిన సంస్కరణ చాలా సాదాది, ఎన్నికలు వేళకు జరగడం. పాలకవర్గం కాలపరిమితి ఐదేళ్లని, అది ముగిసేలోపే కొత్త ఎన్నిక పూర్తి కావాలని 243యూ అధికరణం చెబుతోంది. వార్డుల విభజన వంటి సాకులతో జాప్యం చేయరాదని సుప్రీంకోర్టు 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో స్పష్టం చేసింది. అయినా విశాఖపట్నంలో 2007 తరువాత మళ్లీ కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తెలంగాణలో 2020లో ఎన్నికైన మున్సిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగియగా ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. ప్రత్యేకాధికారి సమర్థుడే కావచ్చు, కానీ ఆయన పట్టణంలో ఏ వార్డుకూ జవాబుదారు కాడు. పైగా ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లకు కూడా చిక్కు వస్తుంది. మీ సంఘంలోని సంస్కరణవాదులు పట్టణంలోని మిగతా సంఘాలను కలుపుకుని ఈ ఒక్క అంశం మీద పట్టుబడితే, దాని ఫలితం వాళ్ల కళ్లముందే కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, డబ్బు. మున్సిపల్ బడ్జెట్ మార్చిలో పత్రికల్లో కనిపిస్తుంది కాని దాని గర్భధారణ నవంబరులో జరుగుతుంది. ప్రతి విభాగం తనకు కావలసినది రాసి లెక్కల విభాగానికి పంపుతుంది, ఇంజనీరింగ్ విభాగం పనుల జాబితా ఇస్తుంది, మేము ఆదాయంతో పోల్చి కోతలు పెడతాం. పాలకవర్గం ముందుకు వచ్చేసరికి చాలావరకు అంతా గడ్డకట్టి ఉంటుంది. అదనపు కలెక్టరు సమక్షంలో జరిగే బడ్జెట్ సమావేశాలు చాలాచోట్ల గంటలోపే ముగుస్తాయి. నేను హాజరైన ఒక సమావేశంలో టీ వచ్చేలోపు ఆమోదం అయిపోయింది. అంత తొందరలోనూ ఒక మహిళా సభ్యురాలు లేచి, వీధి దీపాల కరెంటు బిల్లుకు గత ఏడాది ఎంత ఖర్చయింది, ఈ ఏడాది దానికి రెట్టింపు ఎందుకు చూపారు అని అడిగారు. జవాబు చెప్పవలసిన నేను కాగితాలు తిరగేసి, పాత బకాయి కలిపామని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ బకాయిని విడిగా చూపించాక, రెండు వార్డుల కల్వర్టుల పద్దు మొదటిసారి అందరి కంటా పడింది. ఆమెకు ఆ ప్రశ్న అందించింది ఆమె వార్డులోని ఒక కాలనీ సంఘం.

బడ్జెట్ పుస్తకంలో ప్రతి పద్దుకూ మూడు గళ్లు ఉంటాయి: గడచిన సంవత్సరపు వాస్తవ లెక్క, నడుస్తున్న సంవత్సరపు సవరించిన అంచనా, రాబోయే సంవత్సరపు అంచనా. పత్రికలు మూడో గడినే రాస్తాయి, మీరు మొదటి గడి చదవండి. ఉదాహరణకు రోడ్లు, కాలువల పద్దులో గత ఏడాది నిజంగా ఖర్చయినది 80 లక్షలై, రాబోయే ఏడాదికి 4 కోట్లు రాసి ఉంటే, ఆ 4 కోట్లు ఎక్కడి నుంచి వస్తాయని ఆదాయం వైపు చూడాలి. రావచ్చు, రాకపోవచ్చు అన్న గ్రాంట్లను ఆదాయంగా చూపించి, వాటి మీద పనులు రాసి, అందరు సభ్యుల్నీ సంతోషపెట్టడం మా వృత్తిలో పాత విద్య. ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, నిర్మాణ అనుమతుల రుసుములు, నీటి చార్జీలు వంటి సొంత ఆదాయం నుంచి ముందుగా జీతాలు, పారిశుద్ధ్యం, కరెంటు బిల్లులు, అప్పుల వాయిదాలు పోతాయి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలి. అన్నీ పోగా మిగిలిన సాధారణ నిధి ఎంతో తెలుసుకుంటే, మీ కాలువ ఏ కుండలోంచి రావాలో తెలుస్తుంది. ఆర్థిక సంఘం గ్రాంట్లు అందాలంటే మున్సిపాలిటీలు తమ లెక్కలను ఆన్‌లైన్‌లో ఉంచాలని 15వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది కాబట్టి, ఆడిట్ అయిన లెక్కలను చూడడానికి కార్యాలయం గడప తొక్కనక్కరలేదు.

'నిధులు లేవు' అన్న జవాబుకు మూడు వేర్వేరు అర్థాలు ఉంటాయి. మీకు చెప్పినది ఏదో తేల్చుకోకుండా ఇంకో వినతిపత్రం ఇవ్వవద్దు. ఒకటి, ఆ పద్దులో కేటాయింపే లేదు. అప్పుడు మీరు నవంబరుకు ముందే సభ్యుడి ద్వారా, కమిషనరు ద్వారా ప్రతిపాదన పెట్టించాలి. రెండు, పద్దులో డబ్బుంది కాని మీ పనికి ఎస్టిమేట్ తయారు కాలేదు. ఎస్టిమేట్ లేని పని అధికారుల కంటికి పని కాదు, అది ఒక కోరిక మాత్రమే. ఏఈ (సహాయక ఇంజనీరు) వచ్చి కొలిచి అంచనా వేస్తే, దానికి పరిపాలనా అనుమతి, సాంకేతిక మంజూరు, టెండరు వరుసగా జరుగుతాయి. మూడోది పైకి ఎవరూ చెప్పరు. ఎస్టిమేట్ ఉంది, మంజూరు ఉంది, కాని పాత బిల్లులు బకాయి పడడంతో టెండరుకు ఏ కాంట్రాక్టరూ రాలేదు. ఆ స్థితిలో ఎన్ని ధర్నాలు చేసినా కాలువ తవ్వరు. కాంట్రాక్టర్ల బకాయిలు ఎంత, ఏ క్రమంలో చెల్లిస్తున్నారు అన్నదే అప్పుడు అడగవలసిన ప్రశ్న.

మురుగు కాలువకు ఇంకో మెలిక ఉంది. రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినా రోడ్డే, కాలువ నీరు మాత్రం ఎక్కడికో చేరాలి. మీ కాలనీ పొలాల మధ్య వెలిసిందన్నారు కాబట్టి వాలు ఎటు ఉందో, నీరు చివరికి ఏ నాలాలోనో చెరువు అలుగులోనో కలవడానికి దారి ఉందో లేదో ముందు చూడాలి. నాలుగేళ్లుగా మీ పని కదలకపోవడానికి ఇదే కారణం కావచ్చని నా అనుమానం. దిగువన ఉన్నది పక్క వార్డయితే, ఆ వార్డు సభ్యుడు 'మీ మురుగు మా మీదికా' అని అడ్డుపడతాడు, ఏఈ ఇద్దరి మధ్య నలిగి ఎస్టిమేట్ పక్కన పెడతాడు, బయటికి 'నిధులు లేవు' అని వినిపిస్తుంది. లెవెల్స్ తీయించమని, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిపించమని, డీఈని (ఏఈకి పై ఇంజనీరు) లిఖితపూర్వకంగా కోరండి. దిగువ కాలనీ సంఘంతో కూర్చుని ఉమ్మడి ప్రతిపాదన ఇవ్వండి. ఇద్దరు సభ్యులు సంతకం చేసిన కాగితాన్ని తోసిపుచ్చడం ఏ కమిషనరుకూ సులువు కాదు.

వార్డు కమిటీలను కూడా వదలకండి. 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకు యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది ఉండాలి. చాలాచోట్ల అవి పేర్ల జాబితాగానే మిగిలాయన్నది నిజం. అయినా చట్టంలో ఉన్న కమిటీ తీర్మానానికీ సంఘం వినతిపత్రానికీ దస్త్రంలో విలువ వేరు. మీ వార్డు కమిటీల్లో ఎవరున్నారో కనుక్కోండి, తరచుగా అందులో ఉన్న సంగతి ఆ సభ్యులకే తెలియదు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న బంధువులు అడిగితే, అక్కడ 2019 అక్టోబరులో మొదలైన వార్డు సచివాలయంలో సౌకర్యాల కార్యదర్శి దగ్గర మొదలుపెట్టమని చెప్పండి. పుణె నగరపాలక సంస్థ 2006 నుంచి పౌరులు సూచించిన చిన్న పనులను బడ్జెట్‌లో చేర్చే పద్ధతిని నడుపుతోంది. బడ్జెట్‌కు నెలల ముందే వార్డు కార్యాలయంలో ఫారాలు తీసుకోవడం దాని కీలకం. బెంగళూరులో జనాగ్రహ సంస్థ 2015 నుంచి ఇలాంటి ప్రయత్నమే చేస్తోంది. మన పాలకవర్గం తీర్మానం చేస్తే ఒక చిన్న మొత్తంతో ఇక్కడా మొదలుపెట్టవచ్చు.

పని మంజూరైన తరువాత సంఘాలు సన్మానం చేసి నిద్రపోతాయి. అసలు కాపలా అవసరమయ్యేది అప్పుడే. చాలా ఏళ్ల కిందట ఒక పట్టణంలో ఒక సీసీ రోడ్డు బిల్లు నా బల్ల మీదికి వచ్చింది. ఎంబీ అని పిలిచే కొలతల పుస్తకంలో మందం పదిహేను సెంటీమీటర్లని రాసి ఉంది, సంతకాలన్నీ సరిగా ఉన్నాయి, నేను పాస్ చేశాను. ఆ వీధిలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు సమాచార హక్కు చట్టం కింద ఎంబీ నకలు తీసుకుని, రోడ్డు అంచు పగిలిన చోట స్కేలు పెట్టి కొలిచాడు. పది సెంటీమీటర్లు కూడా లేదు. ఆయన కార్యాలయానికి వచ్చి కేకలు వేయలేదు, ఫొటోలు, ఎంబీ నకలు జతచేసి రెండు పేజీల ఉత్తరం ఇచ్చాడు. విచారణ జరిగి, కాంట్రాక్టరుకు తిరిగి ఇవ్వవలసిన డిపాజిట్టులోంచి కోత పడింది, నాకు మెమో వచ్చింది. కాగితం సరిగా ఉంటే పని సరిగా ఉన్నట్టే అనుకునే అలవాటు ఆ మెమోతో పోయింది.

2005 నాటి ఆ చట్టంలో సమాచారమంటే కాగితాల నకళ్లు మాత్రమే కాదు. పనులను, దస్త్రాలను స్వయంగా తనిఖీ చేయడం, వాడిన సామగ్రి నమూనాలు ధ్రువీకరించి తీసుకోవడం కూడా 2(జె) సెక్షన్ కింద మీ హక్కు. దరఖాస్తుకు ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి అప్పీలు చేయవచ్చు. ఒక దరఖాస్తులో ఒకే పని గురించి అడగండి: ఎస్టిమేట్, ఒప్పందం, ఎంబీ, చెల్లింపు వివరం. 'గత పదేళ్ల పనులన్నిటి వివరాలు' అని అడిగిన దరఖాస్తును తప్పించుకోవడం మా గుమాస్తాలకు చిటికెలో పని.

ఇంతవరకు రాసినవన్నీ ఒకేసారి తలకెత్తుకోకండి. డోర్ నంబర్ల పట్టికకు ఇద్దరు పిల్లల్ని, రెండు ఆదివారాల్ని కేటాయించండి. ఆ ఇళ్ల చుట్టూ తిరుగుతున్నప్పుడే వాన నీరు ఎటు పారుతుందో అడిగి, చేతితో గీసిన పటం మీద బాణాలు గుర్తించండి. మీ కాలువ చేరవలసిన చోటు ఏ వార్డులో ఉందో, గత సంవత్సరపు వాస్తవ లెక్కలో కాలువల పద్దు ఎంతో ఈ రెండు వివరాలు రాసి పంపితే, ప్రతిపాదన ఏ పద్దు కింద పెట్టాలో, ఇద్దరు సభ్యుల్లో ముందు ఎవరిని కలవాలో నేను చెప్పగలను.